గ్లాసులో నీళ్లు తొణక్కుండా...

ఈ మధ్య కుర్రాళ్ల బండి చప్పుడు వినబడని వీధి ఎక్కడైనా ఉందంటారా? పట్నంలో అయితే రాత్రి పదకొండు దాటాక, మా గోదావరి పల్లెల్లో అయితే సాయంత్రం గట్టు మీద ఎండ తగ్గాక మొదలవుతుంది ఆ రొద. సైలెన్సరు మార్పించిన బండి, ముందు చక్రం గాల్లోకి లేపే ఒకడు, ఫోను పట్టుకుని వీడియో తీసే ఇంకొకడు. "ఏమిట్రా ఈ గోల?" అని అడిగితే, "గోల కాదండీ పిన్నిగారూ, డ్రిఫ్టు" అంటారు నవ్వుతూ.

డ్రిఫ్టు అంటే ఏమిటో మనలో చాలామందికి తెలియదు. తెలుసుకోవలసిన అవసరం ఏమొచ్చిందిలే అనుకుంటాం. కానీ పిల్లాడి బుర్రలో తిరుగుతున్నది ఏమిటో తెలియకుండా "వద్దు" అన్నామనుకోండి, ఆ మాట వాడి చెవి దాకా కూడా వెళ్లదు. కాబట్టి ఈ వారం వంటా వార్పూ కాసేపు పక్కన పెట్టి, ఈ పందేల సంగతేమిటో చూద్దాం. జపాన్ దాకా వెళ్లి వద్దాం రండి.

టోఫు కొట్టు కుర్రాడు

మన పిల్లలు ఫోనుల్లో జపాన్ బొమ్మల సినిమాలు చూస్తున్నారని మీకు తెలిసే ఉంటుంది. 'యానిమే' అంటారు వాటిని. 2025 సెప్టెంబరులో 'డీమన్ స్లేయర్' సినిమా తెలుగు మాటలతోనే థియేటర్లకొచ్చిందంటే ఆ పిచ్చి ఎంత దూరం వచ్చిందో ఊహించుకోండి. కార్ల పందేల మీద వచ్చిన వాటిలో అన్నిటికన్నా పేరున్నది 'ఇనిషియల్ డి'. షుయిచీ షిగెనో అనే ఆయన 1995లో ఒక వారపత్రికలో బొమ్మల కథగా మొదలుపెట్టి 2013 దాకా నడిపాడు. 48 పుస్తకాలయింది. 1998లో టీవీకెక్కింది. ఆ ఏడాదికి మన పిల్లల్లో చాలామంది పుట్టనే లేదు. అయినా ఇవాళ వాళ్ల బండ్ల మీద స్టిక్కర్లు చూస్తే అందులో కారు బొమ్మ కనిపిస్తుంది.

మావాడు ఇంజనీరింగు చదువుతున్నాడు. సెలవులకొచ్చినప్పుడు నేను చిక్కుళ్లు ఈనెలు తీస్తూంటే పక్కన కూర్చుని చూపించాడు. నేనేదో పగలూ ప్రతీకారాలూ ఉంటాయనుకున్నాను. తీరా చూస్తే అది ఒక తండ్రీ కొడుకుల కథ.

తాకుమి అని ఒక కుర్రాడు. హైస్కూలు చివరి సంవత్సరం. తల్లి కనబడదు. తండ్రి బుంటాకి టోఫు కొట్టు. టోఫు అంటే సోయా పాలు విరగ్గొట్టి చేసే పన్నీరులాంటిది. చేత్తో గట్టిగా పట్టుకుంటే చితికిపోతుంది. దాన్ని కొండ మీద ఉన్న హోటళ్లకి రోజూ తెల్లవారుజామున అందించి రావాలి. ఆ పని పదమూడో ఏట నుంచీ కొడుకుదే. ఇప్పటికి ఐదేళ్లయింది. మన ఆత్రేయపురం పూతరేకులు బుట్టలో పెట్టుకుని మలుపుల కొండ దారిలో దిగాలనుకోండి, ఒక్క రేకు విరక్కూడదనుకోండి, అలాగన్నమాట.

అసలు విశేషం ఇక్కడుంది. తండ్రి రోజూ ఒక కప్పులో నీళ్లు పోసి కారులో పెడతాడు. "ఇవి ఒలక్కుండా తీసుకెళ్లు" అంటాడు. అంతే. ఇంకేమీ నేర్పడు. నీళ్లు ఒలక్కూడదంటే బ్రేకు ఒక్కసారిగా తొక్కకూడదు, స్టీరింగు విసురుగా తిప్పకూడదు, మలుపు రాకముందే మలుపు తెలియాలి. ఐదేళ్లు అలా తిరిగి తిరిగి, తనకే తెలియకుండా ఆ కుర్రాడు గొప్ప డ్రైవరయిపోయాడు. కొత్త కొత్త కార్లేసుకుని వచ్చిన షోకిలా రాయుళ్లు అతని పాతకారు వెనక మిగిలిపోతారు. ఆ కారేమైనా విమానమా? కాదు. 1983 నుంచి 1987 దాకా టయోటా వాళ్లు తయారుచేసిన మామూలు కారు. మన మారుతి 800 కూడా 1983లోనే రోడ్డెక్కింది, గుర్తుందా?

ఇది చూశాక నాకు మన సామెత గుర్తొచ్చింది. నిండుకుండ తొణకదు. రేవు నుంచి బిందె నెత్తిన పెట్టుకుని, చంకలో ఇంకో బిందెతో గట్టెక్కిన మన అమ్మమ్మలకి ఈ విద్య తెలుసు. తొందరపడితే చీర తడుస్తుంది. నడకలో ఊపు ఉండాలి, కుదుపు ఉండకూడదు. జపాన్ వాడు దానికి నాలుగు చక్రాలు తగిలించాడంతే!

పడవ వాడు చేసేదీ అదే

ఇంతకీ డ్రిఫ్టు అంటే? మలుపులో కారు వెనక చక్రాలు కావాలనే పట్టు తప్పేలా చేసి, కారుని పక్కకి జారనిస్తూ, స్టీరింగు ఎదురుదిక్కుకి తిప్పి ఆ జారుడుని అదుపులో ఉంచడం. కారు మూతి ఒక వైపు, కారు పోయేది మరో వైపు. చూసేవాళ్లకి తిప్పేసుకుని పడిపోతోందేమో అనిపిస్తుంది. పడదు.

పట్టిసీమ వచ్చినవాళ్లకి ఇది చెప్పడం తేలిక. మా వీరభద్రస్వామి గుడి గోదారి మధ్యన దేవకూటం కొండ మీద ఉంది. నది నిండుగా ఉన్నప్పుడు పడవెక్కి వెళ్లాలి. పడవ వాడు మూతిని సూటిగా గుడి వైపు పెట్టడు. ఎగువకి పెడతాడు. పడవ మాత్రం ఏటవాలుగా జారుకుంటూ సరిగ్గా మెట్ల దగ్గరికి చేరుతుంది. ప్రవాహం ఎంత లాగుతుందో, తను ఎంత ఆపాలో అతనికి ఒంట్లో తెలుసు. కొత్తవాడి చేతికిస్తే పడవ దిగువకి కొట్టుకుపోతుంది. డ్రిఫ్టు కూడా అంతే. జారడం అందరికీ వచ్చు. పాచి పట్టిన రేవు మెట్ల మీద ఎవరైనా జారుతారు. జారుతూ ఎక్కడ ఆగాలో తెలియడమే విద్య.

ఇంకో సంగతి కూడా మన పిల్లలకి చెప్పాలి. ఈ విద్య వెనక చక్రాలకి ఇంజను బలం అందే కార్లకి సంబంధించింది. తాకుమి కారు అలాంటిదే. మన పాత అంబాసిడరు కూడా అలాంటిదే. కానీ ఇవాళ మన ఇళ్ల ముందున్న చిన్న కార్లలో ఎక్కువ వాటికి బలం ముందు చక్రాలకి అందుతుంది. వాటిలో హ్యాండుబ్రేకు లాగి తిప్పితే కారు గిరగిర తిరుగుతుంది తప్ప అది విద్య కాదు, అదుపు తప్పడం. ఇక మోటారుసైకిలు సంగతి చెప్పేదేముంది? రెండు చక్రాల బండికి మలుపులో వెనక చక్రం జారిందా, మనిషి రోడ్డు మీదే. సినిమాలో చూసింది బండి మీద చెయ్యబోవడం అంటే ఈత కొట్టడం పుస్తకంలో చదివి గోదాట్లో దూకడమే.

కొండ దారిలోంచి పోటీ మైదానానికి

ఇదంతా కట్టుకథేనా అంటే కాదు. ఈ జారుడు విద్యని కార్ల పోటీల్లో మొదట పేరుకి తెచ్చినవాడు కునిమిత్సు తకహాషి. ఈయన 1961లో ప్రపంచ మోటారుసైకిలు పోటీల్లో గెలిచిన తొలి జపానీయుడు. తర్వాత కార్ల పోటీలకి మారాడు. 1970లలో ఆయన మలుపుల్లో కారు జార్చడం చూసి మతిపోగొట్టుకున్న కుర్రాళ్లలో కెయిచీ త్సుచియా ఒకడు. నగానో ప్రాంతం వాడు. రాత్రిళ్లు కొండదారుల్లో సాధన చేశాడు. 1987లో అతని కొండదారి విన్యాసాలు వీడియోగా బయటికొచ్చాయి. కుర్రాళ్లు వెర్రెత్తిపోయారు. పోటీల పెద్దలకి మాత్రం ఒళ్లు మండి, అతని పోటీ లైసెన్సు కొంతకాలం ఆపేశారు.

ఆ తర్వాత సంగతే మన పిల్లలకి ఎవరూ చెప్పరు. త్సుచియా రోడ్డు మీదే మిగిలిపోలేదు. పద్ధతిగా పోటీ మైదానాల్లో నడిపాడు. 1995లో ఫ్రాన్సులో 24 గంటల పాటు సాగే లె మాన్ పోటీలో, తను గురువుగా భావించిన ఆ తకహాషి గారితోనే కలిసి ఒకే కారు నడిపి తమ తరగతిలో గెలిచాడు. 'ఇనిషియల్ డి'కి సలహాదారుగా పనిచేసిందీ ఈయనే. తర్వాత జపాన్‌లో డ్రిఫ్టుకంటూ ప్రత్యేకంగా పోటీలు పెట్టారు. మైదానంలో, గోడల మధ్య, హెల్మెట్లు పెట్టుకుని, పక్కన అంబులెన్సు ఉంచుకుని ఆడే ఆటగా అది మారింది. 2004 నుంచి అమెరికాలోనూ జరుగుతున్నాయి.

అంటే ఆ విద్యకి గౌరవం వచ్చింది రోడ్డు వదిలాకే. ఇది గట్టిగా గుర్తుపెట్టుకోవలసిన మాట.

మూడున్నర లక్షల సంతకాలు

జపాన్ అంటే అందరూ పద్ధతిగా ఉంటారనుకోకండి. అక్కడా మన కుర్రాళ్లలాంటి వాళ్లు గుంపులు గుంపులుగా ఉండేవారు. సైలెన్సర్లు పీకేసి, జెండాలు కట్టుకుని, రాత్రంతా ఊళ్ల మీద పడేవారు. వాళ్లకి 'బోసోజోకు' అని పేరు. 1982లో పోలీసు లెక్క ప్రకారం ఇలాంటివాళ్లు 42,510 మంది. తర్వాత తర్వాత ఆ గుంపులు పలచబడ్డాయి. 2004లో చట్టాన్ని బిగించి, ఎవరూ ఫిర్యాదు చెయ్యకపోయినా పోలీసులే పట్టుకునే వీలు కల్పించారు.

అంతకన్నా ముందు జరిగిన సంగతి ఒకటుంది. అది చదువుతూంటే నా కళ్లు చెమర్చాయి. 1999 నవంబరులో టోక్యో దగ్గర పెద్ద రహదారి మీద తాగిన లారీ డ్రైవరొకడు ఒక కుటుంబం కారుని వెనకనుంచి గుద్దాడు. మంటలు లేచాయి. మూడేళ్లదీ, ఏడాదిదీ ఇద్దరు ఆడపిల్లలు పోయారు. డ్రైవరుకి పడింది నాలుగేళ్ల శిక్ష! ఆ తల్లీ తండ్రీ ఇంట్లో కూర్చుని ఏడవలేదు. తమలాగే పిల్లల్ని పోగొట్టుకున్న వాళ్లని కలుపుకుని వీధి వీధీ తిరిగి సంతకాలు సేకరించారు. మూడున్నర లక్షలకి పైగా సంతకాలయ్యాయి. 2001లో జపాన్ కొత్త చట్టం చేసింది. తాగి నడిపి గానీ, అదుపు చెయ్యలేనంత వేగంతో నడిపి గానీ ఒక ప్రాణం తీస్తే అది పొరపాటు కాదు, ఘోరమైన నేరం. అప్పట్లో 15 ఏళ్ల దాకా శిక్ష పెట్టారు.

ఒక అమ్మ కడుపుకోత దేశం చట్టాన్ని మార్చింది. మన ఫోనుల్లోకి జపాన్ కార్లొచ్చాయి గానీ ఈ కథ మాత్రం రాలేదు. మీరైనా మీ పిల్లలకి చెప్పండి.

మన దగ్గర సంగతి

హైదరాబాదులో నెక్లెస్ రోడ్డు, గచ్చిబౌలి, రాయదుర్గం వైపు సాఫ్టువేరు ఆఫీసుల మధ్య వెడల్పాటి రోడ్లు... శని ఆదివారాల రాత్రిళ్లు ఇక్కడ బండ్ల పందేలు నడుస్తున్నాయని పోలీసులు మాటు వేయడం, బండ్లు పట్టుకెళ్లడం, తెల్లారేసరికి అమ్మానాన్నల్ని స్టేషనుకి పిలిపించడం పేపర్లో చదువుతూనే ఉన్నాం. నగరం చుట్టూ ఉన్న 158 కిలోమీటర్ల ఔటర్ రింగురోడ్డు మీదికి అసలు ద్విచక్ర వాహనాలు రాకూడదు. అయినా వెళ్తారు.

ఆ రోడ్డు ఎన్ని ఇళ్లలో దీపం ఆర్పిందో! 2010 జూన్‌లో నటుడు కోట శ్రీనివాసరావుగారి కుమారుడు అక్కడే బైకు ప్రమాదంలో పోయారు. 2011 సెప్టెంబరు 11న మాజీ క్రికెట్ కెప్టెన్ అజారుద్దీన్ కుమారుడు, 19 ఏళ్లవాడు, 1000 సీసీ బైకు మీద వెళ్తూ పడ్డాడు. వెనక కూర్చున్న బంధువుల అబ్బాయికి 16 ఏళ్లు. ఆ చిన్నవాడు ఆ రోజే పోయాడు, పెద్దవాడు ఐదు రోజులు పోరాడి పోయాడు. అదే ఏడాది డిసెంబరులో కోమటిరెడ్డి వెంకటరెడ్డిగారి కుమారుడు అదే రోడ్డు మీద కారు ప్రమాదంలో పోయారు. 2017 మే 10 తెల్లవారుజామున జూబ్లీహిల్స్‌లో అప్పటి ఆంధ్రప్రదేశ్ మంత్రి నారాయణగారి కుమారుడి కారు మెట్రో స్తంభాన్ని గుద్దుకుంది. అతనూ, స్నేహితుడూ ఇద్దరూ పోయారు. అది ప్రాణరక్షణ ఏర్పాట్లన్నీ ఉన్న ఖరీదైన బెంజి కారు.

వీళ్లు పందేలాడారని నేననడం లేదు. ఆ తల్లుల దుఃఖాన్ని మళ్లీ కెలకడం నా ఉద్దేశమూ కాదు. ఆస్తి, పలుకుబడి, మంచి ఆస్పత్రి, మంచి కారు, ఇవేవీ వేగం ముందు పనిచెయ్యవని చెప్పడానికే. 2021 సెప్టెంబరు 10న సినీ నటుడు సాయిధరమ్ తేజ్ కేబుల్ బ్రిడ్జి దగ్గర బైకు మీంచి జారిపడ్డారు. రోజుల తరబడి ఆస్పత్రిలో ఉన్నారు. లేచి నడిచి మళ్లీ సినిమాల్లోకి వచ్చారు. తల మీద హెల్మెట్ ఉంది కాబట్టి.

ఇక దేశం మొత్తం లెక్క చూస్తే గుండె గుభేలుమంటుంది. 2022లో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది పోయారని కేంద్రప్రభుత్వమే చెప్పింది. ప్రతి పది మందిలో ఏడుగురు మితిమీరిన వేగం వల్ల పోయినవాళ్లే. హెల్మెట్ లేక పోయినవాళ్లు 50 వేల మంది. అందులో 14 వేల మందికి పైగా వెనక కూర్చున్నవాళ్లు. వెనక కూర్చునేది ఎవరండీ ఎక్కువగా? మనమే.

ఏటిగట్టు కొండదారి కాదు

పట్నం సంగతి మనకెందుకులే అనుకోవద్దు. కొవ్వూరు నుంచి తాళ్లపూడి మీదుగా మా పట్టిసీమ, అక్కడి నుంచి పోలవరం వెళ్లే దారి చూశారా? ఒక పక్క గోదారి, ఇంకో పక్క పల్లపు పొలాలు. మలుపుల దారి, పక్కన చెట్ల నీడ. ఫోనులో చూసిన జపాన్ కొండదారి కుర్రాళ్లకి ఇక్కడ కనబడుతుంది. ఇంకా సరదా పుడితే మారేడుమిల్లి - చింతూరు ఘాటు రోడ్డు ఉండనే ఉంది. అది నిజంగానే కొండదారి.

తేడా ఏమిటంటే, తాకుమి వెళ్లేది తెల్లవారుజామున, జనం లేని దారిలో. మన గట్టు మీద తెల్లవారుజామున కూడా పాలకేనులతో సైకిలు ఉంటుంది. నాట్లకెళ్లే ఆడవాళ్లు కిక్కిరిసిన ఆటో ఉంటుంది. లైటు లేని ట్రాక్టరు ఉంటుంది. రోడ్డు మీద ఆరబోసిన ధాన్యం ఉంటుంది. దాని మీద చక్రం పడిందా, నూనె పోసిన పెనం మీద నీటి చుక్కే. గేదె అడ్డం వస్తే దానికి హారను అర్థం కాదు. శివరాత్రికైతే ఆ దారంతా తీర్థానికొచ్చిన జనమే.

ఒక చిన్న లెక్క చెబుతాను. ఇంట్లో పిల్లల్ని కూర్చోబెట్టి వాళ్లచేతే వేయించండి. గంటకి 40 కిలోమీటర్ల వేగంలో బండి ఒక సెకనులో 11 మీటర్లు వెళ్తుంది. గేదె కనబడి బ్రేకు మీద కాలు పడేలోపు ఆ సెకను అయిపోతుంది. తర్వాత బండి ఆగడానికి మంచి పొడి రోడ్డు మీద ఇంకో 9 మీటర్లు. మొత్తం 20. ఇప్పుడు వేగం రెట్టింపు చెయ్యండి, 80. మొదటి సెకనుకే 22 మీటర్లు. ఆగడానికి 18 అనుకుంటాం కదా? కాదు, 35! వేగం రెండింతలైతే ఆపాల్సిన శక్తి నాలుగింతలవుతుంది. మొత్తం 57 మీటర్లు. మన ఇంటి ముందు 20 మీటర్లలో ఎవరుంటారు, 57 మీటర్లలో ఎవరెవరుంటారు, ఓసారి గుమ్మంలో నిలబడి చూసుకోమనండి.

బుంటాగారు మన ఊళ్లో ఉంటే...

సరదాకి ఒక మాట. పదమూడేళ్ల కొడుక్కి కారిచ్చి పంపిన ఆ బుంటాగారు మన దేశంలో ఉంటే ఈపాటికి జైల్లో ఉండేవారు. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం మైనరు బండి నడిపి నేరం చేస్తే తల్లిదండ్రులే, లేదా బండి యజమానే దోషి. మూడేళ్ల దాకా జైలు, 25 వేల జరిమానా, బండి రిజిస్ట్రేషను ఏడాది రద్దు. ఆ పిల్లాడికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్సు రాదు. బండి మన పేరు మీద ఉంటే దోషి మనమేనన్నమాట! "ట్యూషనుకే కదా" అని తొమ్మిదో తరగతి పిల్లాడికి స్కూటీ తాళాలిచ్చే అమ్మలు ఇది రెండుసార్లు చదవండి. 16 ఏళ్లకి లైసెన్సు ఇచ్చేది గేర్లు లేని 50 సీసీ లోపు బండికే. మన వీధుల్లో తిరిగే పెట్రోలు స్కూటర్లు దాదాపు అన్నీ వంద పైమాటే.

రోడ్డు మీద పందెం ఆడితే మొదటిసారి మూడు నెలల దాకా జైలు గానీ, ఐదు వేల దాకా జరిమానా గానీ, రెండూ గానీ. మళ్లీ ఆడితే ఏడాది, పదివేలు. అంతటితో అయిందా? పందెంలో బండి పాడైతే బీమా కంపెనీ ఇవ్వదు. ఆ షరతు పాలసీ కాగితంలోనే ఉంటుంది. లైసెన్సు లేని పిల్లాడు ఎవరినైనా గుద్దితే, బీమా వాళ్లు బాధితులకి డబ్బు కట్టి, దాన్ని మన దగ్గర వసూలు చేసుకోవచ్చు. అరెకరం పొలం, పెళ్లికని దాచిన బంగారం ఒక్క రాత్రిలో పోతాయి. అవతలి ఇంట్లో పోయిన ప్రాణానికైతే లెక్కే లేదు.

పక్కన నిలబడే ఆడపిల్లలు

ఆ కథలో నాకు నచ్చనిది ఒకటుంది. మగపిల్లలు పందెమాడుతుంటే ఆడపిల్లలు ఎక్కువగా పక్కన ఉండి చూసేవాళ్లే. తాకుమికి నచ్చిన అమ్మాయి నత్సుకి. డబ్బున్న ఒక పెద్దవయసు మనిషితో ఆ అమ్మాయి తిరుగుళ్లు కథలో ఒక భాగం. దాన్ని మామూలు సంగతిలా చూపించడం చూసి నా మనసు చివుక్కుమంది. పిల్లలు చూస్తూంటే ఆ సంగతి కూడా మాట్లాడాలి మనం.

అయితే మాకో, సయుకి అని ఇద్దరు స్నేహితురాళ్లు కూడా ఉన్నారు అందులో. మాకో నడుపుతుంది, సయుకి పక్కన కూర్చుని దారి చెబుతుంది. ఒక కొండదారిలో వాళ్లని మించినవాళ్లు లేరు. "చూశావా, వీళ్లు నీ హీరోకేం తీసిపోలేదు" అన్నాను మావాడితో. "వాళ్లూ హెల్మెట్ పెట్టుకోలేదమ్మా, చెప్పనీ" అని వాడే నవ్వాడు. నా ప్రశ్న నాకన్నా ముందే వాడికొచ్చిందని సంతోషించాను.

ఇక్కడి ఆడపిల్లలకి కూడా ఒక మాట. వెనక సీటులో కూర్చున్న అమ్మాయి "అబ్బ, ఎంత స్పీడో!" అంటే వాడు ఇంకో పది పెంచుతాడు. "ఆపు, దిగిపోతాను" అంటే తగ్గిస్తాడు. ఆ మాట అనడానికి మొహమాటపడకండి. దిగి ఆటోలో రండి. డబ్బులు అమ్మ ఇస్తుంది.

వద్దు అనడం ఒక్కటే చాలదు

సంక్రాంతికి ఎడ్లబండి పందేలు చూస్తూ పెరిగినవాళ్లం మనం. పోటీ మన రక్తంలోనే ఉంది. దాన్ని చంపలేం, చంపక్కర్లేదు కూడా. దారి చూపించాలి. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాదులో హుస్సేన్‌సాగర్ పక్కన ఫార్ములా ఈ పోటీ జరిగింది. మామూలు రోజుల్లో మన బస్సులు తిరిగే రోడ్లే. కానీ ఆ రోజు రోడ్డు మూసేశారు, రెండు పక్కలా గోడలు కట్టారు, డాక్టర్లు సిద్ధంగా ఉన్నారు, నడిపినవాళ్లు నిప్పంటుకోని దుస్తులు తొడుక్కున్నారు. 2.8 కిలోమీటర్ల దారిలో 18 మలుపులు. దాన్నంటారు వీధి పందెమని! నిజంగా ఆసక్తి ఉన్న పిల్లలకి కోయంబత్తూరులో, చెన్నై పక్క ఇరుంగట్టుకోట్టైలో పోటీ మైదానాలున్నాయి. హైదరాబాదులో చిన్న కార్టులు నడిపే చోట్లున్నాయి. ఏడాదికోసారి తీసుకెళ్లండి. సైలెన్సరుకీ స్టిక్కర్లకీ పోసే డబ్బు అక్కడ పోస్తే విద్యయినా వస్తుంది.

ఇంట్లో చెయ్యగలిగినవి కొన్ని:

• పద్దెనిమిది నిండి లైసెన్సు వచ్చేదాకా తాళాలు మీ కొంగునే ఉంచండి. "ఒక్కసారికే" అనేది ఒక్కసారితో ఆగదు.

• మొదటి బండి చిన్నది కొనండి. మార్కులొచ్చాయని పెద్ద బండి కొనివ్వడం బహుమతి కాదు.

• హెల్మెట్ రెండు కొనండి. బక్కిలు పెట్టుకోని హెల్మెట్ నెత్తి మీద పెట్టుకున్న గిన్నెతో సమానం.

• టైర్లు అరిగాయేమో, బ్రేకులు పడుతున్నాయేమో నెలకోసారి వాడిచేతే చూపించండి. బండిని ప్రేమించేవాడు ముందు దాన్ని బాగా చూసుకోవాలి.

• తండ్రులకి కూడా చెప్పండి. రైల్వే గేటు కింద నుంచి బండి దూర్చే నాన్న, కొడుక్కి ఏం చెబుతాడు? బుంటా ఉపన్యాసాలివ్వలేదు. కప్పులో నీళ్లు పోసి ఇచ్చాడు.

చివరిగా మా ఇంట్లో పెట్టిన పరీక్ష ఒకటి చెబుతాను. మావాడికి డ్రైవింగు వచ్చునని ఒప్పుకోవడానికి నేను పెట్టిన షరతు ఒకటే. వాళ్ల మామ్మని వెనక కూర్చోబెట్టుకుని, ఆవిడ ఒళ్లో పెరుగు గిన్నె పెట్టుకుని, కొవ్వూరులో మా ఆడపడుచు ఇంటికి వెళ్లాలి. దారిలో ఆవిడ ఒక్కసారి కూడా "ఒరేయ్, మెల్లిగారా" అనకూడదు. పెరుగు బెసక్కూడదు. మొదటిసారి తాళ్లపూడి రాకుండానే మూడుసార్లు అందిట. పెరుగు సంగతి చెప్పక్కర్లేదు, ఆవిడ చీర చూస్తేనే తెలిసింది. ఇప్పటికి నాలుగుసార్లు వెళ్లొచ్చారు. పోయిన వారం ఒక్కసారే అందిట.

జపాన్ కుర్రాడికి ఐదేళ్లు పట్టింది. మావాడికీ తొందరేం లేదు.